ఉద్యోగి సొంతింటికి యజమాని చేయూత: పథకాన్ని ఎలా మొదలుపెట్టాలి

ఉద్యోగులు ఇల్లు కొనుక్కోవడానికి సాయం చేద్దామనుకునే యజమానులు చాలామంది ‘మనిషికి ఎంత ఇవ్వగలం’ అన్న లెక్కతో కూర్చుంటారు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. సాయం తీసుకున్న మనిషి ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మానేస్తే అతని ఇల్లు ఏమవుతుంది? ‘ఇల్లు అతనిదే, మా సొమ్ములో మిగిలింది నిదానంగా కట్టేస్తాడు’ అని తడుముకోకుండా చెప్పగలిగితే మీ పథకం నిలబడుతుంది. చెప్పలేకపోతే ఆ ఇల్లు అతని కాలికి సంకెల అవుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం చరిత్రలోనే ఉంది. రైలు బోగీలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ 1880లో షికాగో పక్కన తన కార్మికుల కోసం ఏకంగా ఒక ఊరినే కట్టించడం మొదలుపెట్టాడు. ఇళ్లు బాగుండేవి, వీధులు శుభ్రంగా ఉండేవి. కానీ ప్రతి ఇల్లూ కంపెనీదే. కార్మికుడు అద్దెకు ఉండాలి తప్ప కొనుక్కోవడానికి వీల్లేదు. 1893లో మాంద్యం వచ్చినప్పుడు కంపెనీ కూలి తగ్గించింది, ఇంటి అద్దె మాత్రం తగ్గించలేదు. 1894లో అక్కడ మొదలైన సమ్మె అమెరికాలో చాలాచోట్ల రైళ్లు ఆగిపోయేదాకా వెళ్లింది. చివరికి 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, ఫ్యాక్టరీతో సంబంధం లేని ఆస్తులను కంపెనీ వదులుకోవాలని తీర్పునిచ్చింది.

అంతకు చాలా ముందే, 1853లో, ఫ్రాన్స్‌లోని ముల్హౌస్ పట్టణంలో జాన్ డాల్‌ఫ్యూస్ అనే బట్టల మిల్లు యజమాని మరికొందరితో కలిసి కార్మికుల ఇళ్ల కోసం ఒక సంఘం పెట్టాడు. కార్మికుడు మొదట కొంత సొమ్ము కట్టి, తర్వాత నెలనెలా వాయిదాలు కడుతూ పోతే సుమారు 15 ఏళ్లలో ఇల్లు అతని సొంతమయ్యేది. ఆ శతాబ్దం ముగిసేలోగా అలా 1,200కు పైగా ఇళ్లు లేచాయి. రెండు చోట్లా యజమానులు డబ్బు పెట్టారు. ఒకచోట దస్తావేజు కంపెనీ పేరునే ఉండిపోయింది, మరోచోట కార్మికుడి పేరుకు మారింది. కింద చెప్పే పద్ధతి ఈ రెండో దారిలోది.

1. ఎందుకు చేస్తున్నారో రాసుకోండి

‘ఉద్యోగుల సంక్షేమం కోసం’ అని రాస్తే పని జరగదు. మీ సంస్థకు దేనివల్ల నష్టం జరుగుతోందో, ఇల్లు ఆ నష్టాన్ని ఎలా తగ్గిస్తుందో స్పష్టంగా రాయాలి. ఇందులో సంస్థ లాభం చూసుకోవడం తప్పేమీ కాదు. లాభం కనిపించని పథకాన్ని మొదటి గడ్డు సంవత్సరంలోనే ఎత్తేస్తారు. లాభం కనిపిస్తే అది కొనసాగుతుంది.

గత మూడేళ్లలో మానేసినవారి జాబితా ముందు పెట్టుకోండి. ఒక్కొక్కరి పేరు పక్కన వారి స్థానంలో మరొకరిని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు వేయండి: ప్రకటన, ఇంటర్వ్యూలకు పోయిన సమయం, శిక్షణ, కొత్త మనిషి చేయి తిరిగేదాకా మిగతావాళ్లు మోసిన అదనపు భారం, ఆ మధ్యలో జరిగిన పొరపాట్లు. ఈ మొత్తాన్ని ‘ఎన్ని నెలల జీతం’ అన్న కొలతలోకి మార్చుకోండి. ఇకముందు లెక్కలన్నీ ఇదే కొలతలో చేస్తే పోల్చుకోవడం సులువు.

తర్వాత వారిలో ఎంతమంది ఇంటి దూరం వల్ల, అద్దె భారం వల్ల, ‘మా ఊళ్లో అయితే ఇల్లు కొనుక్కోగలను’ అనుకోవడం వల్ల వెళ్లిపోయారో కనుక్కోండి. రాత్రి షిఫ్టులు నడిచే ఆసుపత్రిలో నర్సు ఇల్లు రెండు గంటల దూరంలో ఉంటే ఆ అలసట రోగి మంచం దాకా వస్తుంది. ఇళ్ల ధరలు విపరీతంగా ఉన్నచోట అనుభవజ్ఞులు ఉద్యోగం ఇస్తామన్నా రారు. కొన్ని సంస్థలకు తమ చుట్టూ ఉన్న పేటలు బాగుపడటమే ముఖ్యం. యేల్ విశ్వవిద్యాలయం 1994 నుంచి నడుపుతున్న పథకంలో సాయం అందేది న్యూ హేవెన్ నగరంలో ఇల్లు కొనుక్కునే ఉద్యోగులకే. విశ్వవిద్యాలయం ఉన్న నగరం అదే. మీ కారణం వీటిలో ఏది అన్నదాన్ని బట్టి మీ నియమాలు మారిపోతాయి.

ఇక్కడే ఒక మాట. మీ దగ్గర జీతాలు బజారు కన్నా తక్కువగా ఉన్నా, నెలనెలా ఆలస్యమవుతున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు వాటిని సరిచేయండి. తేదీకి జీతం పడని మనిషి చేత ఇంటి అప్పు తీయించడం అతన్ని ప్రమాదంలోకి నెట్టడమే.

2. అడ్డు ఎక్కడుందో అడిగి తెలుసుకోండి

పేర్లు రాయనక్కర్లేని ఒక చిన్న ప్రశ్నపత్రం చాలు. ఇల్లు కొనాలనుకుంటున్నారా, ప్రయత్నించారా, ఎక్కడ ఆగిపోయారు? మూడో ప్రశ్నే కీలకం. మొదట చేతి నుంచి పెట్టుకోవాల్సిన సొమ్ము లేక ఆగినవారికి ఒక మందు, నెలవారీ వాయిదా భారమై ఆగినవారికి మరో మందు. పాత అప్పుల వల్ల బ్యాంకు తిప్పిపంపినవారి సంగతి పూర్తిగా వేరు.

చాలామంది విషయంలో అడ్డు ఆ మొదటి సొమ్మే. ఇంటి ధర ఒక ఉద్యోగి 60 నెలల జీతమంత అనుకుందాం. అప్పిచ్చే సంస్థ 80 శాతం ఇస్తే మిగతా 20 శాతం, అంటే 12 నెలల జీతం, అతను తెచ్చుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చులు దానికి అదనం. నెలనెలా జీతంలో పదో వంతు దాచగలిగినా 12 నెలల జీతం పోగవడానికి 120 నెలలు పడుతుంది. అంటే పదేళ్లు. ఆ పదేళ్లలో ఇంటి ధర జీతం కన్నా వేగంగా పెరిగితే ఎంత దాచినా అందదు. అదే మనిషి ఆ పదేళ్లూ ఒక్క నెల కూడా తప్పకుండా అద్దె కట్టి ఉంటాడు. నెలనెలా కట్టగల స్తోమత అతనికి ఉంది. ఒక్కసారిగా పెట్టగల సొమ్మే లేదు.

సంస్థ మూడు నెలల జీతమంత సాయం చేస్తే అతను దాచాల్సింది 9 నెలల జీతం, పట్టే కాలం 90 నెలలు. అతని జీవితంలో రెండున్నరేళ్లు మిగిలాయి. బడిలో చేరబోయే పిల్లలున్న ఇంటికి రెండున్నరేళ్లు చిన్న సంగతి కాదు.

3. పెద్దగా ఖర్చు లేనివి ముందు చేయండి

ఒక సంస్థలో జీతాల విభాగం చూసే రోజుల్లో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. యంత్రాలు బాగుచేసే ఒక మెకానిక్ ఇల్లు చూసుకుని బయానా ఇచ్చాడు. బ్యాంకు ఉద్యోగ ధ్రువపత్రం అడిగింది. సంతకం పెట్టాల్సిన అధికారి పర్యటనలో ఉన్నారు. తిరిగొచ్చాక ఫైలు మరో బల్ల మీద ఆగింది. మూడు వారాలకు కాగితం చేతికొచ్చేసరికి బయానా గడువు దాటిపోయింది, అమ్మకందారు మరొకరికి మాట ఇచ్చేశాడు. ఆ ధ్రువపత్రంలో ఉన్నవి నాలుగే వాక్యాలు: పేరు, హోదా, చేరిన తేదీ, జీతం. అతను మళ్లీ ఇంటి మాట ఎత్తడం నేను వినలేదు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలోని శ్రమంతా ఇలాంటి చోట్లే ఉంటుంది. కాబట్టి మొదటి నియమంగా ఇది రాయండి: ఇంటి అప్పు కోసం అడిగిన ధ్రువపత్రం, పే స్లిప్పులు రెండు పనిదినాల్లో ఇవ్వాలి, సంతకానికి ఇద్దరు అధికారులకు అధికారం ఉండాలి. ఇల్లు చూడటానికి, బ్యాంకుకు, రిజిస్ట్రేషన్‌కు కలిపి రెండు మూడు రోజులు జీతంతో సెలవు ఇవ్వండి. దస్తావేజులు చదవగల న్యాయవాదిని నెలకొకసారి పిలిపించి, ఉద్యోగులు తమ కాగితాలు చూపించుకునే వీలు కల్పించండి. ఇది పూర్తిగా ఉచితం కాకపోయినా, యాజమాన్య హక్కు సరిగాలేని ఇంట్లో ఒక కుటుంబం తన కష్టార్జితమంతా పోసే ప్రమాదాన్ని ఆపుతుంది.

4. సాయం ఏ రూపంలో ఇవ్వాలో ఎంచుకోండి

నా సలహా నెలనెలా మాఫీ అయ్యే అప్పు. సంస్థ మూడు నెలల జీతమంత సొమ్మును వడ్డీ లేని అప్పుగా ఇస్తుంది. ఉద్యోగి పనిలో ఉన్న ప్రతి నెలా అందులో అరవయ్యో వంతు మాఫీ అవుతుంది. అయిదేళ్లకు బాకీ సున్నా.

ఏడాదికోసారి మాఫీ చేసే పద్ధతి లెక్కకు సులువు కానీ నాకు నచ్చదు. 3 సంవత్సరాల 7 నెలల తర్వాత మానేసిన ఉద్యోగిని తీసుకోండి. ఏడాది లెక్కన అతనికి మూడేళ్లే మాఫీ అయ్యాయి కాబట్టి అయిదింట రెండు వంతులు, అంటే 1.2 నెలల జీతం, తిరిగి కట్టాలి. నెల లెక్కన అయితే మిగిలినవి 17 నెలలే కాబట్టి 0.85 నెల జీతం కడితే చాలు. అతను పనిచేసిన ఏడు నెలలకు విలువ ఇచ్చినట్టవుతుంది. పైగా ఏడాది లెక్క పెడితే, మనసు విరిగిన ఉద్యోగి కూడా ఆ తేదీ కోసం కూర్చుని, తేదీ దాటిన మర్నాడే వెళ్లిపోతాడు. అలా కూర్చున్నన్నాళ్లూ అతనికీ సుఖముండదు, మీకూ పని జరగదు.

ఇప్పుడే కొనడానికి సిద్ధంగా లేని యువ ఉద్యోగులకు పొదుపుకు జోడింపు బాగా నప్పుతుంది. ఉద్యోగి నెలనెలా ఇంటి కోసం దాచే సొమ్ముకు సంస్థ సగం కలుపుతుంది, మొత్తం మీద ఒక పరిమితి వరకు. పొదుపు ఖాతా ఉద్యోగి పేరునే ఉండాలి. సంస్థ ఖాతాల్లో కలిపేస్తే, సంస్థ చితికిపోయిన రోజున అతని పొదుపు కూడా మునుగుతుంది.

వడ్డీలో కొంత భరించడం మరో దారి. వాయిదా భారమే అసలు అడ్డయినచోట ఇది పనికొస్తుంది. కానీ ఆ సాయం ఆగిపోయిన నెలలో వాయిదా ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, క్రమంగా తగ్గిస్తూ రండి. ఇక బ్యాంకుకు హామీ సంతకం పెట్టడం గురించి: చేతి నుంచి డబ్బు కదలదు కాబట్టి చవకగా కనిపిస్తుంది. నిజానికి ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైనది. వ్యాపారం మందగించి మీరు ఉద్యోగాలు తగ్గించుకునే సమయంలోనే వాయిదాలు ఆగుతాయి, అదే సమయంలో హామీలన్నీ మీ మీద పడతాయి. చిన్న సంస్థలు దీని జోలికి పోకపోవడం మంచిది.

5. ఖర్చు లెక్క

వంద మంది ఉద్యోగులున్న సంస్థ ఏడాదికి ఇచ్చేది 1,200 నెలల జీతం. ఏటా నలుగురికి మూడేసి నెలల జీతం చొప్పున సాయం చేస్తే అయ్యేది 12 నెలల జీతం. సరిగ్గా ఒక శాతం.

ఈ ఒక శాతం అన్న అంకెకు చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో, ఉత్తర ఫ్రాన్స్‌లోని రూబే, తూర్కువాఁ పట్టణాల్లో బట్టల మిల్లుల యజమానులు ఆల్బేర్ ప్రూవో చొరవతో జీతాల మొత్తంలో ఒక శాతం కార్మికుల ఇళ్ల కోసం తీసిపెట్టడం మొదలుపెట్టారు. పదేళ్లకు, 1953లో, ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని పదిమందికి పైగా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకు తప్పనిసరి చేసింది. తర్వాత ఆ శాతం తగ్గినా వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. కొందరు మిల్లు యజమానులు తమ అవసరం కోసం చేసుకున్న ఏర్పాటు ఒక దేశపు చట్టమైంది.

ఆ 12 నెలల జీతాన్ని మొదటి అడుగులో మీరు వేసుకున్న నష్టంతో పోల్చి చూడండి. నలుగురైదుగురు అనుభవజ్ఞులు వెళ్లకుండా ఆగితే ఖర్చు తిరిగొస్తుందా? మీ అంకెలు ‘లేదు’ అంటే సాయం తగ్గించి మొదలుపెట్టండి, లేదా మూడో అడుగుతో ఆగండి. అదైనా చేసినట్టే.

6. ఎవరికి ఇవ్వాలి

సాయాన్ని ఒక్కొక్కరి జీతంలో శాతంగా పెట్టకండి. అలా పెడితే మేనేజరుకు ఎక్కువ, ఊడ్చే మనిషికి తక్కువ దక్కుతుంది. సంస్థలోని సగటు జీతాన్ని లెక్కగట్టి, అందరికీ ఒకే మొత్తం ఇవ్వండి. తక్కువ జీతగాళ్లకు అది పెద్ద ఊతం. మీరు కోరుకునే ఫలితం కూడా అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఏడాది సర్వీసు, మొదటి ఇల్లు, తాను నివసించడానికే కొంటున్నట్టు హామీ. అర్హతకు ఈ మూడు చాలు. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయండి. పై అధికారి సిఫారసు అవసరం పెట్టారంటే ఇల్లు కావాల్సినవాడు ఆయన ముందు తల దించుకుని తిరుగుతాడు. అప్పు వివరాలు, కుటుంబ ఆదాయం, బ్యాంకు తిరస్కరణ వంటివి జీతాల విభాగంలో ఒక్కరికే తెలియాలి.

ఇల్లు కొనాలని లేనివారు, కొనలేనివారు కూడా మీ ఉద్యోగులే. అద్దె ఇంటికి కట్టాల్సిన అడ్వాన్సు కోసం చిన్న అప్పు ఇచ్చే ఏర్పాటు పక్కనే పెడితే వారికి అన్యాయం జరిగిందన్న మాట రాదు.

7. విడిపోయే రోజు కోసం రాయండి

మొదట్లో అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ పత్రంలోకి ఎక్కాలి. ఒక్కో పరిస్థితినీ విడిగా రాయండి.

ఉద్యోగి తనంతట తాను మానేస్తే మిగిలిన బాకీని రెండేళ్లలో నెలవారీ వాయిదాలుగా, వడ్డీ లేకుండా కట్టవచ్చు. ఆఖరి జీతంలోంచి ఒక్కసారిగా కోసుకోకండి. చాలాచోట్ల జీతం కోతకు చట్టం పరిమితులు పెట్టింది. చట్టం ఒప్పుకున్నా అది మర్యాద కాదు.

మీరే ఉద్యోగం తీసేస్తే బాకీ మొత్తం మాఫీ. ఇది చదివి కొందరు ఆర్థికాధికారులు ముఖం చిట్లిస్తారు. వారికి ఇలా చెప్పండి: సంస్థ దగ్గరే ఇల్లు కొనమని ప్రోత్సహించింది మనం. ఆ ప్రాంతానికి మన సంస్థే పెద్ద ఆధారమైతే, మనం మూతపడిన రోజు అతని జీతంతో పాటు అతని ఇంటి ధర కూడా పడిపోతుంది. ఆ రెండు దెబ్బలూ తగిలిన మనిషిని మూడోది కూడా మనమే కొట్టకూడదు.

మరణిస్తే, పనిచేయలేని స్థితి వస్తే అప్పుడూ పూర్తి మాఫీయే. అయిదేళ్లలోపు ఇల్లు అమ్మితే మిగిలిన బాకీ తిరిగివ్వాలన్న షరతు న్యాయమైనదే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర బోర్న్‌విల్‌లో చాక్లెట్ల తయారీదారు జార్జ్ క్యాడ్బరీ మొదట కట్టించిన ఇళ్లను కొందరు కొని లాభానికి తిరిగి అమ్ముకోవడంతో ఆయన పద్ధతి మార్చి, 1900లో ఆ ఊరిని ఒక ట్రస్టుకు అప్పగించాల్సి వచ్చింది. అయితే విడాకులు, జబ్బు, దూరపు బదిలీ వంటి కారణాలకు మినహాయింపు ఉంచండి.

8. బ్యాంకు, పన్ను, చట్టం

మీ సాయం అప్పయితే బ్యాంకుకు అప్పనే చెప్పాలి. బ్యాంకు ఒప్పుకోదేమోనని బహుమతిగా చూపించడం ఉద్యోగి చేత అబద్ధపు పత్రం మీద సంతకం పెట్టించడమే. పథకం ప్రకటించడానికి ముందే రెండు మూడు బ్యాంకులతో కూర్చుని, మాఫీ అయ్యే అప్పును వారు ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. వడ్డీలో, ప్రాసెసింగ్ రుసుములో తగ్గింపు కూడా అడగండి.

పన్ను విషయం ఒక మంచి ఆడిటరుకు చూపించండి. వడ్డీ లేని అప్పునూ, మాఫీ అయిన సొమ్మునూ ఉద్యోగి ఆదాయంగా పరిగణించే దేశాలు చాలా ఉన్నాయి. అలాంటిచోట ఏటా ఎంత పన్ను పడుతుందో దరఖాస్తు రోజునే ఉద్యోగికి అంకెల్లో చూపించాలి.

మీ దేశంలో చట్టబద్ధంగా ఇప్పటికే ఏముందో కూడా చూసుకోండి. బ్రెజిల్‌లో 1966లో వచ్చిన చట్టంతో మొదలైన ఏర్పాటు ప్రకారం యజమాని జీతంలో 8 శాతాన్ని ఉద్యోగి నిధి ఖాతాలో వేస్తాడు. దాన్ని ఇంటి కొనుగోలుకు వాడుకోవచ్చు. మెక్సికోలో 1972లో ఏర్పడిన కార్మికుల గృహ నిధి సంస్థ ఇన్ఫోనావిత్‌కు యజమానులు జీతంలో 5 శాతం కడతారు. సింగపూర్‌లో 1968 నుంచి భవిష్యనిధి సొమ్ముతో ప్రభుత్వ గృహాలు కొనుక్కునే వీలుంది. ఇలాంటి నిధి మీ దగ్గరా ఉండి, అందులోంచి ఎలా తీసుకోవాలో మీ ఉద్యోగులకు తెలియకపోతే, ఆ దరఖాస్తు నింపిపెట్టడమే మీరు చేయగల పెద్ద సాయం కావచ్చు.

9. సొమ్ము ఇచ్చే ముందు ఆరు నెలలు

సాయం దొరుకుతోంది కదా అని స్తోమతకు మించిన ఇల్లు కొనే ప్రమాదం ఉంది. దానికి నాకు తెలిసిన ఉత్తమ పరీక్ష ఒకటే. ఇప్పుడు కడుతున్న అద్దెకూ రేపు కట్టబోయే వాయిదాకూ ఉన్న తేడాను ఉద్యోగి ఆరు నెలల పాటు ప్రతి జీతం రోజునా పొదుపు ఖాతాలో వేయాలి. ఆరు నెలలూ ఇబ్బంది లేకుండా వేయగలిగితే వాయిదా మోయగలడు. రెండో నెలలోనే తీసి వాడుకోవాల్సి వస్తే చిన్న ఇల్లు చూసుకోవాలని అతనికే తెలిసిపోతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పొదుపు ఎలాగూ అతనిదే. రిజిస్ట్రేషన్ ఖర్చులకో, కొన్నాక మొదటి ఏడాది వచ్చే మరమ్మతులకో పనికొస్తుంది.

ఏ ఇల్లు, ఏ వీధి, ఎవరి దగ్గర అన్నది మాత్రం పూర్తిగా ఉద్యోగి ఇష్టం. ఫలానా బిల్డర్ దగ్గరే కొనాలన్న షరతు పెట్టకండి. బిల్డర్ నుంచి సంస్థలో ఎవరికీ కమీషన్ రాకూడదని పత్రంలోనే రాయండి.

10. నలుగురితో మొదలుపెట్టి, లెక్క చూసుకోండి

మొదటి ఏడాది చిన్నగా నడపండి. మూడేళ్ల తర్వాత సాయం తీసుకున్నవారు ఎంతమంది ఉన్నారు, ఎంతమంది మానేశారు అన్నది చూడండి. అయితే ఈ అంకెను చూసి మురిసిపోవద్దు. ఇల్లు కొనుక్కునేవాడు ఎలాగూ ఉండిపోదామని నిర్ణయించుకున్నవాడే కావచ్చు. లాటరీ తీసి ఉంటే మీకు మంచి పోలిక దొరుకుతుంది: దరఖాస్తు చేసి పేరు రానివారిలో ఎంతమంది మిగిలారో పక్కన పెట్టి చూడండి.

వీరితో పాటు మరో జాబితా కూడా ఉంచుకోండి. పేరు వచ్చినా చివరికి ఇల్లు కొనలేకపోయినవారిది. ఏడాదికోసారి వారిని ఒక్కొక్కరినీ పిలిచి ఎక్కడ ఆగిందో అడగండి. బ్యాంకు కాదన్నదా, ఇల్లు దొరకలేదా, మీ సంస్థ కాగితమే ఆలస్యమైందా? మరుసటి ఏడాది మార్చాల్సిన నియమం వారి జవాబుల్లోనే దొరుకుతుంది.